మూడు షిఫ్టుల చిరుతల పంతులు

యోనా సాధించిన మొదటి విజయం ఇది. పంతొమ్మిది వందల తొంభై రెండులో, గోదావరిఖనిలో, ముప్పై ఆరు మంది బొగ్గుబాయి కార్మికులతో చేత కర్రలు కొడుతూ పాడే చిరుతల ఆట మూడు రోజులు ఆడించాడు. ఆ ముప్పై ఆరు మందిలో ఏ ఒక్కరికీ ఒక్క మస్టరు, అంటే ఒక్క పూట హాజరు కూడా పోలేదు.

బాయి పని తెలియనివాళ్లకు ఇందులో గొప్ప ఏముందని అనిపించవచ్చు గనక వివరంగా చెప్పాలి. బాయి మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. పొద్దున ఏడింటికి దిగినవాళ్లు మూడింటికి పైకి వస్తారు. మూడింటికి దిగినవాళ్లు రాత్రి పదకొండింటికి, వాళ్ల తర్వాత దిగినవాళ్లు తెల్లారి ఏడింటికి. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది. ఊళ్లోనైతే పంటలు ఇంటికి చేరాక అందరూ ఒక్కచోట కూర్చుని రెండు నెలలు చిరుతలు నేర్చుకుంటారు. బాయిలో ఆ వీలెక్కడిది? రాజు వేషం కట్టేవాడు మొదటి షిఫ్టులో ఉంటే రాణి వేషంవాడు రెండో షిఫ్టులో, మంత్రి ఇంట్లో నిద్రలో. యోనాకన్నా ముందు ఇద్దరు పంతుళ్లు ప్రయత్నం చేసి చేతులెత్తేశారు. సెలవు అడిగితే షిఫ్టు నడిపే ఓవర్‌మన్ ఇవ్వడు. చెప్పకుండా మానితే మస్టరు పోతుంది.

యోనా ఏం చేశాడంటే, ప్రతి వేషానికీ ముగ్గురిని పెట్టాడు. షిఫ్టుకు ఒకడు. వేషాలు పన్నెండు, మనుషులు ముప్పై ఆరు. రెండో షిఫ్టు వాళ్లకు పొద్దున తొమ్మిదింటికి సాధన, మిగతా రెండు షిఫ్టుల వాళ్లకు సాయంత్రం ఐదింటికి. అందరికీ ఒకే పాట, ఒకే అడుగు, ఒకే దెబ్బ. రెండు పూటలా తానే చూడాలని రాత్రి షిఫ్టే అడిగి తీసుకుని, ఇట్లా పద్నాలుగు నెలలు నేర్పాడు. ఆట శని, ఆది, సోమవారాల్లో జరిగింది. శనివారం నాటి రాజు ఆరడుగుల మనిషి. ఆదివారం నాటి రాజు అతని భుజం దాకా వస్తాడు. సోమవారం నాటి రాజుకు బట్టతల. జనం దాన్ని తప్పుగా అనుకోలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ మాత్రం, "రాజ్జెం ఏలుడంటే గంత కష్టమే బిడ్డ, మూడొద్దులల్ల మనిషి గిట్లయిపోయిండు" అన్నదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

యోనా తండ్రి కూడా బాయిలోనే బొగ్గు ఎత్తినవాడు. మేనమామది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. అక్కడి ప్రార్థనమందిరంలో క్రిస్మస్ రోజుల్లో ఏసు పుట్టిన కథను చిరుతలతో ఆడేవారు. చిరుతలంటే ఇత్తడి బిళ్లలు పొదిగిన కర్రముక్కలు. రెండు చేతులా పట్టుకుని, కొట్టుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ పాడతారు. యోనా ఆ పల్లెలో ఏడో తరగతి దాకా చదువుకున్నాడు, చిరుతలు కూడా అక్కడే పట్టాడు. డెబ్బై తొమ్మిదిలో కంపెనీలో చేరాడు. బాయిలో ఆయనది టింబర్‌మన్ పని, అంటే పైకప్పు కూలకుండా చెక్క దిమ్మలు నిలబెట్టడం. కర్రతో కప్పును తట్టి, చప్పుడును బట్టి గట్టిదో బోలుదో చెప్పాలి. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన గట్టిదన్న కప్పు ఒక్కటీ పడలేదు. ఆ చెవితోనే జట్టులో ఎవడి దెబ్బ తప్పిందో కళ్లు మూసుకుని పట్టేస్తాడు.

ఇక జట్టు సాధన చేసే హాలు సంగతి. కార్మికుల క్వార్టర్ల వరుసల్లో ఏ వేళ చూసినా ఎవరో ఒకరు పడుకుని ఉంటారు. పొద్దున పది గంటలకు డోలక్ మోగితే రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు చెప్పు పట్టుకుని బయటికి వస్తాడు. మొదట్లో యోనా జట్టు సైకిల్ స్టాండ్ వెనక సాధన చేసేది, ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ. మూతపడిన ఒక బాయి క్యాంటీను ఖాళీగా ఉందని తెలిసి, యోనా పదకొండు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగి, తొంభై ఆరులో దాని తాళంచెవి సంపాదించాడు. కాలనీకి కొంచెం ఎడంగా ఉంటుంది ఆ కట్టడం. అక్కడ ఎంత వాయించినా ఎవరికీ నిద్ర చెడదు. అందుకే ఆ హాలు ఉంటే జట్టు ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

ఆ హాలు నుంచి యోనా సాధించినవి చెప్పుకోవాలంటే చాలా ఉన్నాయి. రెండు వందల పన్నెండు ఆటలు. పద్నాలుగు షీల్డులు. రామగుండం, సెంటినరీ కాలనీ, మంచిర్యాల, కరీంనగర్‌లలో కలిపి తొమ్మిది శాలువాలు. డిసెంబరులో ఏసు కథ, ఎండాకాలంలో పురాణంలోని దేవుని కథ, రెండూ అదే జట్టు. ఏసు కథకు డోలక్ వాయించేది లింగమూర్తి, ఎండాకాలం కథకు పాట ఎత్తేది యోనా. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

జట్టులోకి ఆడవాళ్లు రావడం కూడా ఆ హాలులోనే మొదలైంది. మల్లక్క భర్త పోయాక ఆమెకు కంపెనీలో పైపనిలో, అంటే బాయిలోకి దిగనక్కర్లేని పనిలో, ఎప్పుడూ రెండో షిఫ్టే ఉండే ఉద్యోగం ఇచ్చారు. రెండు వేల ఆరులో ఆమె వచ్చి చేరతానంటే యోనా వద్దన్నాడు. ఆమె వాదించలేదు. రోజూ కిటికీ బయట నిలబడి, లోపల మగవాళ్లు పాడుతున్న పాటనే ఒక స్థాయి ఎత్తి పాడింది. పంతొమ్మిదో రోజు లోపలివాళ్లు పాట ఆపేసి ఆమె పాట వింటూ కూర్చున్నారు. యోనా లేచి వెళ్లి తలుపు తీశాడు. ఇప్పుడు జట్టులో సగం మంది ఆడవాళ్లే.

జట్టులో ఒక ఆచారం ఉండేది. మొదటిసారి ఆటలో దిగినవాళ్లు ఆ మర్నాడు హాలుకు వచ్చి, బొగ్గుముక్కతో గోడ మీద తమ పేరు రాయాలి. అట్లా నూట అరవై నాలుగు పేర్లు చేరాయి. అందులో కొందరు ఇప్పుడు లేరు.

పోయిన నవంబరులో యోనాకు ఒక కాగితం వచ్చింది. కంపెనీవాళ్లు పాత కట్టడాలన్నిటినీ చూసి, వాడకంలో ఉన్నవి ఉంచుతారు, లేనివాటిని సామాన్ల గదులు చేస్తారు. వచ్చే మంగళవారం పదకొండింటికి సంక్షేమ విభాగం నుంచి దీప అనే ఆఫీసరు వచ్చి హాలు చూస్తుంది. కాగితం చదవగానే యోనాకు భయం వేయలేదు. ఇన్‌స్పెక్షన్ ఎట్లా ఎదుర్కోవాలో ఆయనకు తెలియనిదా? బాయికి పై ఆఫీసర్లు వస్తున్నారంటే వారం ముందు నుంచీ ఏం చేస్తారో ముప్పై ఎనిమిదేళ్లు చూశాడు, తన చేతులతో చేశాడు. దారులన్నీ ఊడ్చి, గోడలకు సున్నం కొట్టి, చిల్లరమల్లర సామాను కనబడకుండా సర్ది, పనిలేని మనిషిని ఆ ఛాయలకు రానివ్వకుండా చూస్తారు. రిమార్కు లేకుండా ఆఫీసరును పైకి పంపితే గెలిచినట్టు.

ఆదివారం సున్నం బకెట్టు తీసుకుని యోనా గోడ దగ్గరికి వెళ్లేసరికి మల్లక్క అడ్డం నిలబడింది.

"యోనన్న, గోడకు సున్నమేస్తే మా పేర్లెటు పోవాలె?"

"ఇన్‌స్పెక్షన్ల బొగ్గు మరక కనబడొద్దు మల్లక్క. మరకుంటే రిమార్కు రాస్తరు. పేర్లు మళ్ల రాసుకుందం."

"సచ్చిపోయినోళ్లు మళ్లొచ్చి రాస్తరా?"

యోనా ఆమెను తప్పుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. బ్రష్షు ముంచాడు. లింగమూర్తి బొగ్గు తొట్లను లాగే హాలేజీ ఇంజను నడిపి రిటైరైన మనిషి, ముప్పై మూడేళ్లుగా యోనాకు తోడు. ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "మనిషి కనబడ్డా రిమార్కు రాస్తరా ఏంది, మమ్ముల గూడ తుడుస్తున్నవు?" అన్నాడు. డ్యూటీ లేనివాడు ఆ జాగాలో ఉంటే తప్పకుండా రాస్తారని యోనా నమ్మకంగా చెప్పి, మంగళవారం ఎవరూ రావద్దని మూడు షిఫ్టుల వాళ్లకూ కబురు పెట్టాడు. అడుగులు నేర్చుకునేవాళ్ల కోసం నేల మీద నల్ల రంగుతో వేసిన గుర్తులను కూడా కిరోసిన్ పెట్టి తుడిచేశాడు. డోలక్, హార్మోనియం, చిరుతలు ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మంగళవారం పొద్దునకు హాలు అద్దంలా ఉంది.

దీప సరిగ్గా పదకొండింటికి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి, మంచిర్యాల వైపు పిల్ల. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని యోనా గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె లోపలికి వచ్చి నాలుగు గోడలూ చూసింది, నేల చూసింది, కిటికీ తీసి వేసింది.

"ఇక్కడికి ఎవరొస్తరు?"

"అందరొస్తరు మేడం. మూడు షిఫ్టులోళ్లు."

"ఇయ్యాల ఎవరూ లేరు గదా?"

"ఇయ్యాల రావద్దన్న."

"ఎందుకు?"

"మీరొస్తున్నరని."

ఆమె కొంచెంసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కాగితం మీద మూడు వాక్యాలు రాసింది. దాచిపెట్టకుండా ఆయనకే ఇచ్చి చదువుకోమంది. గది గట్టిగా, శుభ్రంగా ఉంది. వాడకంలో ఉన్న గుర్తులు లేవు. సామాన్ల గదికి పనికివస్తుంది. యోనా కళ్లజోడు సర్దుకుని మూడుసార్లు చదివాడు. ఒక్క రిమార్కు కూడా లేదు. హాలు మాత్రం పోయింది.

"యోనా గారు, నేను చూసింది రాస్త. చూడంది రాయలేను" అని దీప మెల్లగా చెప్పింది. రిపోర్టు వచ్చే సోమవారం పైకి పోతుందని కూడా చెప్పింది.

ఆ పూట యోనా అన్నం సగంలో వదిలేశాడు. ఆయన భార్య సుసన్నా విషయమంతా విని, "నలభై ఏండ్ల సంది నీతోని కాపురం చేస్తున్న. ఇల్లు ఒక్కనాడన్న గట్ల ఊడ్చినవా?" అంది. ఆ మాటకు ఆయనకు నవ్వు రావలసింది, రాలేదు. జీవితంలో మొదటిసారి తాను గట్టిదన్న కప్పు కూలిందని ఆమెతో అన్నాడు. కూలింది కప్పు కాదనీ, హాలు ఇంకా అక్కడే ఉందనీ, పోయి జట్టుకు నిజం చెప్పమనీ సుసన్నా సలహా ఇచ్చింది. సాయంత్రం ఐదింటికి వెళ్లి చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు. పంతులు నోట ఆ మాట జట్టు ఎప్పుడూ వినలేదు గనక ఎవరికీ తిట్టబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున, డ్యూటీకి పోకముందే, మల్లక్క ఒక్కతే దీప ఆఫీసుకు వెళ్లింది. ఏం మాట్లాడిందో తిరిగి వచ్చి హాలులో చెప్పింది. చెప్పి వస్తే తుడిచిన ఇల్లే కనబడుతుంది, చెప్పకుండా రండి, ఇన్‌స్పెక్షన్‌లా కాదు చుట్టంలా రండి అని అడిగిందట. సోమవారం లోపల ఏదో ఒక రోజు వస్తానని, ఏ రోజో చెప్పనని దీప ఒప్పుకుందట.

ఇక యోనాకు అసలు కష్టం మొదలైంది. ఏ రోజు వస్తుందో తెలియకుండా ఎట్లా సిద్ధం కావాలి? ఆఫీసులో పనిచేసే బిక్షాన్ని కనుక్కోమందామా అని లింగమూర్తిని అడిగాడు.

"వద్దు. ఈసారి నువ్వు సిద్ధం గాకపోవుడే సిద్ధం" అన్నాడు లింగమూర్తి.

మల్లక్క హాలులోని చీపురును తన ఇంటికి తీసుకుపోయింది. బుధ, గురువారాల్లో చెప్పులు గుట్టగా పడి ఉంటే, తాగిన చాయ గ్లాసులు కిటికీలో వరసగా ఉంటే, యోనా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోడ మీద మాత్రం పేర్లు మళ్లీ రావడం మొదలైంది. ఉన్నవాళ్లు తమ పేర్లు తాము రాశారు. పోయినవాళ్ల పేర్లు వాళ్ల ఇంటివాళ్లు వచ్చి రాశారు. నూట యాభై ఒకటి తేలాయి. పదమూడు పేర్లు ఎవరెంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. యోనాకూ రాలేదు. ఆ పదమూడు ఇప్పటికీ తేలలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర. ఆ వారం రెండో షిఫ్టులో ఉన్నవాళ్ల సాధన జరుగుతోంది. క్రిస్మస్ ఆటకు కొత్త పాట. అనసూర్య అనే ఆమె తన వంతు వచ్చేదాకా గోడకు ఆనుకుని చిక్కుడుకాయలు తుంచుతూ వంతపాట అందుకుంటోంది. యోనాకూ లింగమూర్తికీ గొడవ పడింది. ఏడో దెబ్బ దగ్గర తిరగాలని యోనా, ఎనిమిదో దెబ్బకు తిరిగితేనే పాట నిలుస్తుందని లింగమూర్తి.

"ముప్పై మూడేండ్ల సంది వాయిస్తున్నవు, ఏడుకు ఎనిమిదికి ఫరకు తెల్వదా నీకు?" అని యోనా అరిచాడు.

"నువ్వు తిరిగేటప్పుడు నీ మోకాలు ఎనిమిదికి వస్తున్నది పంతులు. అరవై ఎనిమిదేండ్ల మోకాలది. దాన్ని అడుగు."

అందరూ నవ్వారు. యోనా కోపంగా చిరుతలు ఎత్తి, ఏడో దెబ్బకు తిరిగి చూపించబోయాడు. నిజంగానే ఎనిమిదికి తిరిగాడు. తిరిగేసరికి ఎదురుగా దీప. చెప్పుల గుట్ట పక్కన, బోర్లించిన బకెట్టు మీద ఎంతసేపటి నుంచి కూర్చుని ఉందో.

"కొట్లాడుతున్నరా?" అని అడిగింది.

"లేదు మేడం, నేర్సుకుంటున్నం" అన్నాడు లింగమూర్తి.

ఆమె మరో గంట కూర్చుంది. పాట రెండుసార్లు విన్నది. గోడ మీది పేర్లు మొదటి నుంచి చివరిదాకా చదివింది. అనసూర్య చేతిలోని కాయలు నాలుగు తీసుకుని తుంచింది. లేచేటప్పుడు, పాత కాగితాన్ని మార్చి రాస్తానని చెప్పింది. అయితే ఒక చిక్కు ఉందని కూడా చెప్పింది. కేవలం ఆటపాటలకంటే కట్టడాన్ని ఉంచరు. శిక్షణ కేంద్రమైతే ఉంచుతారు. ఇక్కడ నేర్పే పద్ధతి ఇంకోచోట కూడా నిలబడిందని చూపిస్తేనే ఆ పేరు పెట్టగలదు. శ్రీరాంపూర్‌లో ఇట్లాంటి హాలే ఒకటి నాలుగేళ్లుగా మూసి ఉంది.

"కాక, నువ్వు అరవై రోజులు అక్కడ ఉండి, మూడు షిఫ్టులోళ్లను ఒక జట్టు చెయ్యి. వాళ్లు ఆట ఆడిననాడు ఇది ఖాయమైతది" అంది దీప, చుట్టంలా వరస కలిపి.

శ్రీరాంపూర్ ఎంతో దూరం కాదు, గోదావరి దాటి పోవడమే. కాని యోనా ఆలోచనలో పడ్డాడు. హాలు తాళంచెవి ఇరవై తొమ్మిదేళ్లలో ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. దవాఖానలో ఆపరేషన్ అయిన రోజు కూడా దిండు కింద పెట్టుకున్నాడు. తాను లేకుంటే ఏడో దెబ్బ ఎవరు చూస్తారు? కొత్తవాళ్లను ఎవరు ఎంచుతారు? ఈ మాటలు పైకి అనలేదు. మల్లక్కకు మాత్రం ఆయన ముఖంలో కనబడ్డాయి.

"నువ్వు లేకుంటే మేము ఆడమనుకుంటున్నవా యోనన్న? వేషానికి ముగ్గుర్ని పెట్టుమన్నది నువ్వే గదా. పంతులు వేషానికి ఒక్కణ్ణే ఎందుకు పెట్టినవు?"

యోనా చిరుతల మీది ఇత్తడి బిళ్లలను వేలితో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి మల్లక్క చేతిలో పెట్టాడు. పొద్దున సాధన ఆమె చూడాలని, సాయంత్రం సాధన లింగమూర్తి చూడాలని, ఎనిమిదో దెబ్బకు తిరిగినా సరేనని చెప్పాడు. చివరి మాటకు లింగమూర్తి కళ్లు తుడుచుకున్నాడు, చాయ పొగ తగిలిందన్నాడు.

క్రిస్మస్ ఆట బాగా జరిగింది. అది రెండు వందల పదమూడో ఆట. ఆ తర్వాత డిసెంబరు ముప్పై, మంగళవారం, యోనా రెండు జతల బట్టలు, పన్నెండు జతల చిరుతలు సంచిలో పెట్టుకుని మంచిర్యాల బస్సెక్కాడు. రోజూ ఇంటికి వచ్చి పోవచ్చు కదా అని సుసన్నా అడిగితే, దిమ్మ సగం నిలబెట్టి చెయ్యి తీయడం తనకు అలవాటు లేదన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమే వెళ్లి చూసి వస్తోంది. మొదటి వారం ఏడుగురు వచ్చారట, ఏడుగురూ ఒకే షిఫ్టువాళ్లు. యోనా పొద్దున ఏడింటికి రాత్రి షిఫ్టువాళ్లు పైకి వచ్చే చోట నిలబడి, చిరుతలు కొడుతూ పాడాడట. మొదట్లో నవ్వారు. నెల తిరిగేసరికి ఇరవై ఆరు మంది అయ్యారు. తొమ్మిది వేషాలకు ఇంకొక్కరు కావాలి, రెండో షిఫ్టు నుంచి. ఆ ఒక్కరి కోసం వెతుకుతున్నాడు. అక్కడ కూడా గోడ మీద పేర్లు రాయిస్తానని అన్నాడట, ఈసారి రంగుతో.

ఇక్కడ హాలు తలుపు రెండు పూటలా తెరుచుకుంటోంది. ఖాయం చేసే కాగితం మీద సంతకం ఇంకా పడలేదు. శ్రీరాంపూర్ ఆట ఫిబ్రవరి ఇరవై ఏడు, శుక్రవారం సాయంత్రం. దీప ముందు వరుసలో కూర్చుంటానంది. ఇక్కడి నుంచి మొదటి షిఫ్టు మొత్తం చూడడానికి పోతోంది, రెండో షిఫ్టు ఆ వేళకు డ్యూటీలో ఉంటుంది, రాత్రి షిఫ్టు పదకొండింటికి దిగాలి. యోనా మాత్రం ఆ మర్నాడు, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శనివారం నాడు వస్తాడు.